గుమ్మం దాటని కరపత్రం

డిజైన్ చదువుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కంప్యూటర్ కొనుక్కోమంటారు సార్ అని. రెండోది, విశాఖపట్నంలో జీతం ఎంత ఇస్తారని. రెండింటికీ నా దగ్గర సమాధానం లేదు. కంప్యూటర్ సంగతి నేను నేర్చుకునేలోపే పాతబడిపోతుంది. విశాఖపట్నం జీతం నాకెవరూ ఇవ్వలేదు. నాకు తెలిసిందల్లా కాగితం మడవడం, అది కూడా సగం జీవితం తప్పుగా మడిచాక తెలిసింది.

పలాసలో ఒక ప్రెస్సులో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ తర్వాత టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు గ్రాఫిక్ డిజైన్ డిప్లొమా పెట్టి, పాఠం చెప్పడానికి మనిషి దొరక్క నన్ను పిలిచారు. మొన్నీమధ్యే అక్కడ కూడా శాలువా కప్పి పంపించేశారు. ఇప్పుడు ఖాళీగా ఉన్నాను కాబట్టి ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇందులో నా గొప్పలు కనిపిస్తే క్షమించండి. వెతికితే గాని దొరకవు.

అసలు పని

మా ప్రెస్సు యజమాని సింహాచలం గారు. కోపిష్టి. ఆయన కోపం ఎప్పుడూ మెషీన్ మీద మొదలై నా మీద ఆగేది. నేను చేరిన కొత్తలో ఒక జీడిపప్పు వ్యాపారి మూడు మడతల కాగితం వేయమన్నాడు. నేను స్కేలు పెట్టి కాగితాన్ని సరిగ్గా మూడు సమాన భాగాలు చేసి, కట్టలు కట్టలు అచ్చేయించాను. లెక్క తప్పలేదు. మడత పెట్టేసరికి లోపలికి వెళ్ళే భాగం పట్టక, బిగుతు చొక్కాలో పొట్టలాగ ఉబ్బి కూర్చుంది. లోపలి భాగం ఒక పిసరు పొట్టిగా ఉండాలని మూడో తరగతి పిల్లవాడు కూడా ఒకసారి మడిచి చూస్తే చెబుతాడు. నేను మడిచి చూడలేదు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, గీత గీసి చూశాను.

సింహాచలం గారు ఆ ఉబ్బిన కాగితాన్ని వేలితో నొక్కుతూ అన్న మాట ఇప్పటికీ నా క్లాసులో మొదటి పాఠం.

"ఒరే, మడతెట్టీది మెషీను. ఇప్పీది మనిసి. ఆ మనిసి సెయ్యి ముందు ఎక్కడ పడతాదో సూసుకోని అప్పుడు గీత గియ్యి."

ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం ఈ వృత్తిలో లేదు. రంగులు, అక్షరాలు, బొమ్మలు అన్నీ దీని తర్వాతే. కాగితం చేతికి వచ్చినప్పుడు ఏ ముఖం పైన ఉంటుంది, విప్పితే రెండోది ఏది కనిపిస్తుంది, విప్పాక మళ్ళీ మడవడం వస్తుందా, మడిచాక ఎక్కడ పెట్టుకుంటారు. ఇవి అడగకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కళాకారుడు కావచ్చు గాని డిజైనర్ కాడు. నేను చాలాకాలం కళాకారుణ్ణే.

నిలువునా చీలిన వినాయకుడు

కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని తన కూతురి పెళ్ళికి, ఇంతవరకు ఎవరూ వేయని శుభలేఖ కావాలన్నాడు. నేను ఉత్సాహంగా తలుపుల మడత ఎంచుకున్నాను. అంటే కార్డు ముందు రెండు రెక్కలుంటాయి, గుడి తలుపుల్లా చెరోవైపు తెరిస్తే లోపల విషయం కనిపిస్తుంది. ముందువైపు నిండుగా వినాయకుడి బొమ్మ వేశాను. మూసి ఉన్నప్పుడు కన్నుల పండుగగా ఉంది.

పెళ్ళికూతురి తండ్రి కార్డు చేతిలోకి తీసుకుని తలుపులు తెరిచాడు. వినాయకుడి తొండం ఒకవైపు, బొజ్జ సగం ఇంకోవైపు వెళ్ళిపోయాయి. ఆయన మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఏటి బావూ, నా కూతురు పెళ్ళికి ఊరందరి సేతా సామిని నిలువునా సీల్పిత్తన్నావేటి?" అన్నాడు.

సింహాచలం గారే ఆదుకున్నారు. వినాయకుణ్ణి గుండ్రంగా వేరే అట్ట మీద అచ్చేసి, కత్తిరించి, ఒక తలుపుకే అతికించమన్నారు. తలుపు తీస్తే స్వామి మొత్తంగా ఆ తలుపుతోపాటే పక్కకు వెళతాడు, ముక్కలు కాడు. రాత్రీ పగలూ కూర్చుని అతికించింది మాత్రం నేనే, జిగురు మరక నా వేళ్ళకు వారం దాకా పోలేదు. ఆ పెళ్ళి తర్వాత పలాసలో చాలామంది అదే రకం కావాలని అడిగారు. ఆ ఫ్యాషన్ తెచ్చింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఎందుకు తేవలసి వచ్చిందో ఎవరూ అడగరు కాబట్టి సరిపోయింది.

హేమ ప్రాజెక్టు

ఇక అసలు కథ. నేను పాఠం చెప్పిన చివరి బ్యాచ్‌లో హేమ అనే అమ్మాయి ఉండేది. కంచిలి దగ్గర పల్లె. చివరి ఏడాది ప్రతి ఒక్కరూ ఒక మడత కాగితం తయారుచేయాలి. ఎవరికోసమో చెప్పాలి, ఏ మడత ఎందుకు ఎంచుకున్నారో నిరూపించాలి. మిగతావాళ్ళు హోటల్ మెనూలు, కాలేజీ ఫెస్ట్ కరపత్రాలు, మూలపేట పోర్టు మ్యాపులు పట్టుకొచ్చారు. హేమ మాత్రం డయాలసిస్ చేయించుకునేవాళ్ళ కోసం అంది.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి బయటివాళ్ళకు వార్తగా తెలుసు. మాకు వీధిలో తెలుసు. హేమ తండ్రి లోకనాథం కొబ్బరి తోటల్లో చెట్లెక్కి కాయలు దింపేవాడు. ఇప్పుడు చెట్టెక్కడు. వారంలో సగం రోజులు డయాలసిస్ మంచం మీదే గడుస్తాయి. ఇలాంటివాళ్ళకు కొబ్బరినీళ్ళు పనికిరావు. మామూలు నీళ్ళు కూడా డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. కాని ఉద్దానంలో ఎవరింటికి వెళ్ళినా, కూర్చోమనే లోపే బొండాం కొట్టి చేతిలో పెడతారు. కాదంటే వాళ్ళ చెట్టునే కాదన్నట్టు.

"మా నాన్న వద్దనలేడు సార్. అందులోనూ మా దాలమ్మత్త ఇత్తే అసలు అనలేడు. ఆవిడే పెంచింది నాన్నని. మొన్న అక్కడ తాగీసి వచ్చి ఊపిరాడక పోతే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం," అంది హేమ. "జేబులోంచి తీసి సూపించీ కాగితం ఒకటుంటే నోటితో వద్దని సెప్పనక్కర్లేదు కదా సార్."

క్లాసులో ఎవరో, వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అన్నారు. "మా నాన్న ఫోన్ తీసి ఇత్తే మా అత్త అందులో మనవల ఫొటోలు సూత్తాది," అంది హేమ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ ఆటో ప్రయాణం ఆమె ముఖంలో ఇంకా ఉంది.

నా అభిరుచి

హేమ తెచ్చిన మొదటి డమ్మీ, అంటే అచ్చుకు ముందు చేసే నమూనా, చొక్కా జేబులో పట్టేంత చిన్నది. విసనకర్రలా అటూ ఇటూ మడత, జిగ్‌జాగ్ అంటాం. నేను దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాను.

"ఏమ్మా, ఇది బస్ టికెట్టా?"

పిల్లలు నవ్వేసరికి నాకు ఊపొచ్చింది. జబ్బు మనిషికి మర్యాద ఇవ్వాలి, చేతికి బరువుగా ఉండాలి, కళ్ళకు ప్రశాంతంగా ఉండాలి అని ఉపన్యాసం దంచాను. ఒకే మడత చాలన్నాను. మందపాటి తెల్ల అట్ట. చుట్టూ సన్నని నల్ల గీత. మధ్యలో కొబ్బరినీళ్ళు వద్దని చిన్న నల్ల అక్షరాలు. లోపల కుడివైపు పైన రోగి పేరు రాయడానికి ఒక గీత. మిగతాదంతా ఖాళీ. ఖాళీయే అందం అని కూడా అన్నాను, ఎక్కడ విన్నానో గుర్తులేదు.

హేమ కాసేపు ఆ డిజైన్ వైపు చూసింది. "ఇదెక్కడో సూసినట్టుంది సార్," అంది.

"మంచి డిజైన్ ఎప్పుడూ తెలిసినట్టే ఉంటుంది," అన్నాను. అంత చక్కటి అబద్ధం నేను మళ్ళీ చెప్పలేదు.

కార్డులు అచ్చయ్యాయి. మల్లెమొగ్గల్లా ముద్దుగా ఉన్నాయని నాకు నేనే మురిసిపోయాను. హేమ, ఇద్దరు స్నేహితులు పేర్లు కనుక్కుని, ఒక్కో కార్డు మీద ఒక్కో రోగి పేరు శ్రద్ధగా రాసి, కంచిలి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ ఇచ్చి వచ్చారు.

ఎవరు పోయారు?

వారం తర్వాత ఫలితం చూద్దామని నేను కూడా వెళ్ళాను. నిజానికి పొగడ్తలు వినడానికి వెళ్ళాను.

మొదటి ఇంట్లో కార్డు చూరులో దోపి ఉంది. రెండో ఇంటి దగ్గర కంచె కర్రకు గుచ్చి ఉంది. మూడో ఇంటి వాకిట్లో నాలుగు ముక్కలుగా పడి ఉంది. ఒక్క కార్డు కూడా గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవులు పోనారు బావూ?"

అప్పుడు వెలిగింది. మా వైపు దినకార్యం కార్డు సరిగ్గా అలాగే ఉంటుంది. తెల్ల అట్ట, ఒకే మడత, చుట్టూ నల్ల గీత. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళరు. బయటే చదివి, చూరులో దోపేస్తారు, లేదా చింపి పారేస్తారు. పలాస ప్రెస్సులో అలాంటి కార్డులు ఎన్ని వేశానో నాకే లెక్క లేదు. అక్షరం ఎంత ఉండాలి, గీత అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలి, పేరు ఎక్కడ పడాలి, అన్నీ నా చేతికి అలవాటైన కొలతలే. నేను ప్రశాంతత అనుకున్నది నా చేతి అలవాటు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే, మీ అభిరుచి ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. నాది చావు కార్డుల్లోంచి వచ్చింది.

లోకనాథం వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తన కార్డు మోకాలి మీద ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మేస్టారూ, పేరు బాగా రాసినారు," అన్నాడు. "తేదీ ఒక్కటీ ఎయ్యలేదు. అది నన్నడిగి ఎత్తారేమోనని సూత్తన్నాను."

ఆయన నవ్వాడు. హేమ మాత్రం ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది. తండ్రి పేరు ఆ కార్డు మీద రాసింది ఆ పిల్ల చెయ్యే. అది చేయించింది నేను. తలెత్తి ఆ అమ్మాయిని చూడడానికి నాకు చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చాక ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మల్లీ సేద్దాం సార్," అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఒంటిచేత్తో

ఈసారి నేను నోరు మూసుకున్నాను. ఇది నా వృత్తి జీవితంలో అరుదైన విషయం.

మాకు తెలిసిన మడతలన్నీ డమ్మీలు చేసి సంచిలో వేసుకుని లోకనాథం దగ్గరకు వెళ్ళాం. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతికి ఆ రోజు పట్టీ ఉంది. ఆ చెయ్యి కదపకూడదు. అంటే జేబులోంచి తీయడం, విప్పడం, చూపించడం, మళ్ళీ మడవడం అన్నీ కుడి చేత్తోనే. ఈ సంగతి నేను ముందే అడగలేదు. సింహాచలం గారు బతికి ఉంటే నా వీపు విమానం మోత మోగేది.

తలుపుల మడత ఒంటిచేత్తో తెరుచుకోలేదు, ఒక రెక్క తీస్తే రెండోది వేలాడింది. మ్యాపులా అడ్డంగా నిలువుగా మడిచింది విప్పగలిగాడు గాని మళ్ళీ మడవలేక దుప్పటిలా ఒళ్ళో పరుచుకున్నాడు. మూడు మడతల కాగితంలో లోపలి రెక్క వేలికి దొరకలేదు. చివరికి హేమ జిగ్‌జాగ్ ఇచ్చింది. ఆయన బొటనవేలితో మొదటి ముఖాన్ని పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు. అంతా జారి తెరుచుకుంది. మోకాలి మీద పెట్టి నొక్కితే మళ్ళీ తనంతట తానే మడుచుకుంది.

"ఇది పేకముక్కల్లాగుంది," అన్నాడు సంతోషంగా. నేను బస్ టికెట్ అన్నది ఇదే. హేమ నా వైపు చూడకుండా డమ్మీలన్నీ సంచిలో సర్దింది. ఆ మర్యాద చాలు నాకు.

అసలు మెలకువ మడతలో కూడా కాదు, పై ముఖంలో ఉంది. రోగికి చెప్పే జాగ్రత్తలు, రోజుకు తాగాల్సిన నీళ్ళ కొలత, ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజులు, ఇవన్నీ లోపలి ముఖాల మీదకు పంపింది హేమ. పై ముఖం రోగి కోసం కాదు, బొండాం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషి కోసం. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "నాకు కొబ్బరినీళ్ళు పడవు. ఏమీ అనుకోవద్దు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే చాలు."

చావు కార్డు దెబ్బ తిన్నాను కదా, ఈసారి శుభం ఉట్టిపడాలని నేను పట్టుబట్టాను. అంచులకు పసుపు రంగు వేద్దామన్నాను. హేమ ఒప్పుకుంది. పైన ఒక చిన్న వినాయకుణ్ణి కూడా పెడదామన్నాను.

"పెళ్ళెవులికి సార్?" అంది.

వినాయకుణ్ణి తీసేశాం. మనిషికి ఒకసారి దెబ్బ తగిలితే, తర్వాత చాలాకాలం ఆ దెబ్బకే డిజైన్ చేస్తూ ఉంటాడు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఆయన, మడత మరీ సాదాగా ఉందన్నాడు. నేను మొదట అన్న మాటే ఆయనా అన్నాడు కాబట్టి తప్పుపట్టడానికి నాకు ముఖం లేదు.

దాలమ్మ గారిల్లు

కాగితం పనిచేసిందో లేదో తేలాల్సింది పరీక్షలో కాదు, దాలమ్మ గారి వాకిట్లో. ఆమె లోకనాథం అక్క, మా వైపు మాటలో అప్ప. సుమ్మాదేవి దగ్గర కొబ్బరి తోటలో ఇల్లు. ఒక ఉదయం హేమ, లోకనాథం, నేను ముగ్గురం వెళ్ళాం. దారి పొడుగునా లోకనాథం జేబు తడుముకుంటూనే ఉన్నాడు. చెట్టంత మనిషి, అక్క ముందు వద్దనడానికి అంత భయపడుతున్నాడు.

మేం కూర్చునే లోపే దాలమ్మ నాలుగు బొండాలు కొట్టి తెచ్చింది. నాకూ హేమకూ ఇచ్చి, తమ్ముడి చేతికి ఇవ్వబోయింది. లోకనాథం కుడి చెయ్యి జేబులోకి వెళ్ళింది, కాగితం బయటికి వచ్చింది. నోటితో ఏమీ అనలేదు. అక్క ముందు పట్టుకున్నాడు.

దాలమ్మ బొండాం కింద పెట్టింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదవడం అయ్యాక కోప్పడుతుందనుకున్నాం. కోపం రాలేదు. ఆమె తమ్ముడి పక్కనే మంచం పట్టె మీద కూర్చుంది.

"ఇన్నాల్లూ సెప్పొచ్చు కదరా," అంది. "నా సేత్తో నేనే నీకు ఇసం పోసినట్టయింది."

"నువ్విత్తే వొద్దని ఎలగంతానప్పా," అన్నాడు లోకనాథం.

తర్వాత ఆమె కాగితాన్ని తమ్ముడికి తిరిగిచ్చి, హేమ వైపు తిరిగింది.

"ఇలాంటిది ఇంకోటుందేటమ్మా?"

"ఉన్నాయత్తా. ఎవులికి?" అంది హేమ, పక్కింటివాళ్ళకేమో అనుకుని సంచి తీస్తూ.

"నాకే."

సంచిలో హేమ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మొన్న పరీచ్చ సేయించినాను. నాకూ ఉందన్నారు. ఇయ్యన్నీ మానీమన్నారు. ఆడు తాగుతునే ఉంటే ఆడికి పరవానేదనుకున్నాను," అంది దాలమ్మ. "ఆడికే బాగోనప్పుడు నాదొకటి ఎందుకు సెప్పడమని ఊరుకున్నాను. ఎవులింటికెల్లినా కొట్టి ఇత్తే తాగుతునే ఉన్నాను."

లోకనాథం అక్క ముఖం వైపు చూశాడు. హేమ సంచిలోంచి కొత్తది తీసేలోపే, తన చేతిలో ఉన్న కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, పట్టీ లేని చేత్తో ఆమె వేళ్ళు మూశాడు. 

దాలమ్మ లేచి, తన కోసం కొట్టుకున్న బొండాన్ని నా ముందుకు జరిపింది.

"నువ్వు తాగీ మేస్టారూ. కొట్టీసినాక పారబోయకూడదు."

నా బొండాం అప్పటికే సగం తాగి ఉన్నాను. అది పూర్తిచేసి, ఆమెది కూడా తాగాను.